పసిబిడ్డకు తొడల సందుల్లో పదేపదే ఒరుసుకుపోతుంటే ఏం చేయాలి?

డైపర్ కట్టేచోట పసిబిడ్డల చర్మం ఎర్రబడి, ఒరుసుకుపోయి, చేయి తగిలితే చాలు కెవ్వుమనే స్థితికి రావడం చాలా ఇళ్లలో జరిగేదే. ఒకసారి వచ్చి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే దాని గురించి ఇంత రాయవలసిన పనిలేదు. తగ్గినట్టే తగ్గి, పది రోజులకు మళ్లీ అదే చోట, మునుపటికంటే ఎక్కువగా తిరగబెట్టే మంట గురించే ఇక్కడ చెబుతున్నాను. తిరుపతిలో పిల్లల వార్డులో నర్సుగా 26 ఏళ్లు పనిచేశాను; నా ఇద్దరు పిల్లలనూ ముగ్గురు మనవలనూ ఈ చేతులతోనే పెంచాను. తిరగబెట్టిన కేసుల్లో చాలావాటి వెనుక నాకు మూడు తప్పులు కనిపించాయి: తడి పూర్తిగా ఆరకముందే పైన ఏదో ఒకటి పూసేయడం, ఎర్రదనం ఏ రకమో చూడకుండా మందుల దుకాణంలో చేతికిచ్చిన ట్యూబును వాడటం, డాక్టరు రాసిన ఫంగస్ మందును మధ్యలోనే ఆపేయడం.

ముందు కారణం తెలుసుకోవాలి. డైపర్‌లో మూత్రం, మలం కలిసినప్పుడు మలంలోని సూక్ష్మజీవులు మూత్రాన్ని విడగొట్టి అమోనియాను పుట్టిస్తాయి. దానితో చర్మానికి సహజంగా ఉండే ఆమ్లగుణం తగ్గుతుంది. అప్పుడు ఆహారాన్ని అరిగించవలసిన ఎంజైములు, మలంలో మిగిలి ఉన్నవి, చురుకెక్కి బిడ్డ చర్మాన్నే అరిగించడం మొదలుపెడతాయి. చాలాసేపు గుడ్డలుతికిన చేతివేళ్ల కొనల్లా అప్పటికే నానిపోయి ఉన్న చర్మం దీన్ని తట్టుకోలేదు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు చెమట కూడా తోడవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో గుడ్డలు ఆరక, చెమ్మ గుడ్డనే బిడ్డకు చుట్టవలసి వస్తుంది. మా వార్డుకు ఇటువంటి పిల్లలు ఎక్కువగా వచ్చేది కూడా ఈ రెండు కాలాల్లోనే.

కావలసినవి

గోరువెచ్చని నీళ్లు, దూది, బాగా నలిగిన పాత నూలుచీర ముక్కలు, కొబ్బరినూనె, జింకు ఆక్సైడు ఉన్న చిక్కని క్రీము లేదా వాసనలేని పెట్రోలియం జెల్లీ, మామూలుగా వాడేదానికంటే ఒక సైజు పెద్ద డైపర్లు. ఇంతకు మించి ఏమీ అక్కరలేదు. పౌడరు డబ్బా, సువాసన ఉన్న తడి వైప్స్, సున్నిపిండి, యాంటిసెప్టిక్ సీసా మాత్రం ఈ పని పూర్తయ్యేదాకా అటకమీద పెట్టేయండి.

కడగడం

మలవిసర్జన చేసిన వెంటనే, లేకపోతే రెండు మూడు గంటలకు ఒకసారి డైపర్ విప్పి కడగాలి. ధారగా నీళ్లు పోస్తూ చేత్తో మెల్లగా కడిగితే సరిపోతుంది, సబ్బు అవసరం లేదు. ఆడపిల్లలకు ముందునుంచి వెనక్కి మాత్రమే తుడవాలి. మగపిల్లలకు అంగం కొనమీది చర్మాన్ని వెనక్కి లాగి శుభ్రం చేయబోకూడదు.

ఆరబెట్టడం

కడిగాక రుద్దకూడదు, నూలుగుడ్డను ఆనించి తీయాలి, ఆనించి తీయాలి, అంతే. గజ్జల ముడతను రెండు వేళ్లతో మెల్లగా విడదీసి లోపల కూడా గుడ్డ ఆనించాలి. ఆ తరువాత పది, పదిహేను నిమిషాలు ఏమీ కట్టకుండా, కింద పాతగుడ్డ పరిచి, గాలి తగిలేలా పడుకోబెట్టాలి. రోజుకు నాలుగైదు సార్లు ఇలా వదిలేస్తే మామూలు ఎర్రదనం సగం దానంతటదే తగ్గుతుంది. పక్క తడుస్తుందనీ, చాప పాడవుతుందనీ పెద్దవాళ్లు విసుక్కుంటారు. చాపను ఉతికి ఆరేసుకోవచ్చు. మా ఇంట్లో మనవడికి ఆరు నెలలు నిండేదాకా పగటిపూట డైపరే కట్టనివ్వలేదు, పాతచీర ముక్కలే కట్టాము. ఈ పద్ధతికి సాటి వచ్చేది ఇంకొకటి లేదని ఇప్పటికీ చెబుతాను. గుడ్డల మీద ప్లాస్టిక్ నిక్కరు తొడిగితే మాత్రం డైపర్‌కంటే ఎక్కువ హాని చేస్తుంది.

ఎర్రదనాన్ని చదవడం

తప్పు జరిగేది ఇక్కడే కాబట్టి ఈ మాటలు నిదానంగా చదవండి.

బిడ్డను వెలుతురు బాగా ఉన్నచోట పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి, గజ్జల ముడతలను విడదీసి చూడండి. పిరుదులమీద, తొడల లోపలివైపు, పొత్తికడుపు కింద, అంటే డైపర్ ఒత్తుకునే ఎత్తైన చోట్ల మాత్రమే ఎర్రగా ఉండి, ముడతల లోతుల్లో చర్మం మామూలుగా ఉంటే అది తడివల్ల, ఒరిపిడివల్ల వచ్చిన మంట. తడి ఆరబెట్టి, జింకు క్రీముతో కాపాడితే రెండు మూడు రోజుల్లో దారికి వస్తుంది.

ముడతల లోపలే ఎరుపు ముదురుగా, నిగనిగలాడుతూ ఉండి, దాని అంచు దాటి చుట్టూ ఆవగింజంత ఎర్ర చుక్కలు విడివిడిగా చల్లినట్టు కనిపిస్తే అది చాలావరకు ఫంగస్, కాండిడా అనే ఈస్ట్ రకం. ఇది వెచ్చగా, తడిగా, చీకటిగా ఉండే ముడతల్లోనే పెరుగుతుంది. మామూలు మంట మూడు రోజులు దాటినా తగ్గకపోతే దానిమీద ఇది వచ్చి చేరడం సర్వసాధారణం. బిడ్డ యాంటీబయాటిక్ మందు తాగిన వారం పది రోజులకు ఇలా వస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ఆ మందు పేగులోని మంచి సూక్ష్మజీవులను కూడా చంపి ఈస్ట్‌కు చోటు ఇస్తుంది. దీనికి జింకు క్రీము ఒక్కటే చాలదు. డాక్టరు చూసి క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ మందు రాయాలి, ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులూ వాడాలి. మూడో రోజుకే ఎరుపు పోయిందని తల్లులు ఆపేస్తారు. పైకి ఎరుపు కనిపించకపోయినా మిగిలిన ఈస్ట్ ముడతలోనే ఉండి పది రోజులకు మళ్లీ పైకి వస్తుంది. పదేపదే వస్తోందని నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది చేసిన పొరపాటు ఇదే.

దుకాణంలో ఇచ్చిన ట్యూబు వాడినవారి కథ నాకు స్వయంగా అనుభవం. మా పెద్ద మనవడికి ఎనిమిది నెలల వయసులో, నేను ఊళ్లో లేనప్పుడు, మా కోడలు ఒక మందుల దుకాణంలో అడిగితే దురదకూ గజ్జికీ పనిచేస్తుందని ఒక ట్యూబు ఇచ్చారు. రెండో రోజుకే ఎర్రదనం మాయమైంది. ఇంట్లో అందరూ సంతోషించారు. మానేసిన వారానికి రెట్టింపై తిరిగొచ్చింది. మళ్లీ పూశారు, మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. నేను వచ్చి డైపర్ విప్పి చూసేసరికి తొడ లోపలి చర్మం ఉల్లిపొరలా పలచబడి కింద సన్నని రక్తనాళాలు కనిపిస్తున్నాయి. ట్యూబు మీద చదివితే ఫంగస్ మందు, యాంటీబయాటిక్‌తో పాటు క్లోబెటాసాల్ అనే బలమైన స్టెరాయిడ్ కలిపి ఉంది. ఆ చర్మం మామూలు స్థితికి రావడానికి రెండు నెలలకు పైగా పట్టింది. ఆ రెండు నెలలూ ఆ పసివాడు పడిన బాధ తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

స్టెరాయిడ్ వాపును, ఎరుపును అణచివేస్తుంది కాబట్టి రోగం పోయినట్టే కనిపిస్తుంది, అదే సమయంలో చర్మపు రక్షణశక్తినీ అణచివేస్తుంది కాబట్టి కింద ఫంగస్ నిశ్చింతగా వ్యాపిస్తుంది. పైగా డైపర్ మూతవేసినట్టు బిగించి ఉంటుంది గనుక పూసిన మందు మామూలుకంటే చాలా ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుంది. క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ అన్న పేర్లలో ఏది ట్యూబుమీద కనిపించినా, డాక్టరు బిడ్డను చూసి రాసి ఇస్తే తప్ప డైపర్ కింద పూయకండి. ఇటువంటి స్టెరాయిడ్ క్రీములను కేంద్ర ప్రభుత్వం 2018లో డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేవారు ఉన్నారు కాబట్టి ట్యూబు తిప్పి చదివే బాధ్యత మనదే. తేలికపాటి హైడ్రోకార్టిసోన్‌ను కొద్ది రోజులకు డాక్టర్లు రాయడం ఉంది, అది వేరే సంగతి, దాన్ని కూడా చెప్పిన రోజులకు మించి వాడకూడదు.

పౌడరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తిరుపతిలోని బైరాగిపట్టెడ నుంచి ఒక చిన్నమ్మాయి తన తొమ్మిది నెలల పాపను ఎత్తుకొచ్చి, "అమ్మా, రోజూ శుభ్రంగా పౌడరు వేస్తున్నా, అయినా తగ్గటం లేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ముడత విడదీసి చూస్తే పౌడరు చెమటతో కలిసి బియ్యప్పిండి ముద్దలా కట్టుకుపోయి, ఆ ముద్ద అంచు గరుకై కిందనున్న పచ్చి చర్మాన్ని కోస్తోంది. కొబ్బరినూనెలో ముంచిన దూదితో దాన్ని నానబెట్టి తీయడానికే నాకు పావుగంట పట్టింది. పౌడరు తడిని పీల్చినట్టే పీల్చి అక్కడే ఉంచుతుంది. చల్లేటప్పుడు ఎగిరిన ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోవడం ఇంకో ప్రమాదం. బోరిక్ పౌడరు అయితే అసలు ఇంట్లోనే వద్దు. పగిలిన చర్మం గుండా అది రక్తంలో కలిస్తే పసిబిడ్డల ప్రాణానికే ముప్పు. పసుపు, వేపాకు ముద్ద, బూడిద వంటివి కూడా పచ్చి చర్మంమీద పెట్టకండి. మా అవ్వ కాలంలో ఇవే వాడారన్నది నిజమే, కానీ ఆ కాలంలో బిడ్డలకు డైపర్ లేదు, రోజంతా గాలి తగిలేది.

పూత వేయడం

చర్మం పూర్తిగా ఆరాక జింకు క్రీమును చర్మం రంగు కనబడనంత మందంగా పరవాలి. రుద్ది ఇంకించకూడదు, తడికీ చర్మానికీ మధ్య గోడలా నిలవడమే దాని పని. తరువాతిసారి డైపర్ మార్చేటప్పుడు ఆ పూతను మొత్తం గోకి తీయవద్దు. మలం అంటిన పైపొరను మాత్రం కొబ్బరినూనె దూదితో తుడిచి, మిగిలినదానిమీదే మళ్లీ పూయాలి. ఫంగస్ మందు కూడా రాసి ఉంటే, దాన్ని ముందు పలచగా పూసి ఇంకనిచ్చాక జింకు పూయమని కొందరు డాక్టర్లు, ఫంగస్ తగ్గేదాకా జింకు వద్దని ఇంకొందరు చెబుతారు; మీ బిడ్డను చూసినవారి మాటే పాటించండి. డైపర్‌ను నడుము దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టండి.

మళ్లీ రాకుండా

గుడ్డలు వాడేవారు సర్ఫు పూర్తిగా పోయేదాకా రెండు మూడు నీళ్లలో జాడించాలి. బోరునీళ్లు ఉప్పగా ఉండే వీధుల్లో సర్ఫు సులభంగా వదలదు, ఆరిన గుడ్డ అట్టలా బిరుసెక్కిందంటే ఇంకా మిగిలి ఉండవచ్చు. వానాకాలంలో ఇస్త్రీ చేసి చెమ్మ పోగొట్టాకే కట్టండి.

మొలతాడు సంగతి ఎవరూ పట్టించుకోరు. నల్లదారం స్నానానికీ మూత్రానికీ తడిసి, డైపర్ అంచు కింద రోజుల తరబడి తడిగానే ఉంటుంది. నడుము చుట్టూ గీత గీసినట్టు వచ్చే ఎర్రదనం దానివల్లే. మంట తగ్గేదాకా దాన్ని విప్పేయండి, ఆచారం తప్పదనుకుంటే తగ్గాక కొత్తది వదులుగా కట్టుకోవచ్చు. బిడ్డ నాలుకమీద, బుగ్గల లోపల తుడిస్తే పోని తెల్లపూత ఉందేమో కూడా చూడండి. అది కూడా అదే ఈస్ట్. నోటికీ, పాలిచ్చే తల్లి చనుమొనలకూ కలిపి వైద్యం చేయించకపోతే కింది మంట మళ్లీ రావచ్చు. తిరుమలకు బయలుదేరినప్పుడు ఇంట్లో కట్టిన డైపర్‌ను కొండదిగేదాకా ఉంచేసే తల్లిదండ్రులను ఎందరినో చూశాను. ఏడాది లోపు బిడ్డతో వచ్చినవారిని దర్శనానికి త్వరగా పంపే సుపథం మార్గంలో వెళ్లినా ప్రయాణంతో కలిపి పూట గడుస్తుంది. ముందే మందంగా పూత వేసి, మార్చడానికి ఐదారు డైపర్లు సంచిలో పెట్టుకోండి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

మూడు రోజులు శ్రద్ధగా చేసినా తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, నీటిపొక్కులు, చీము, రక్తం కనిపించినా, బిడ్డకు ఇంకా ఆరు వారాలు నిండకపోయినా ఇంట్లో ఆగవద్దు. మలద్వారం చుట్టూ గీత గీసినట్టు స్పష్టమైన అంచుతో ఎర్రగా ఉండి, విసర్జనకు బిడ్డ భయపడుతుంటే అది బ్యాక్టీరియా కావచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. నోటిచుట్టూ, చేతులూ కాళ్లమీద కూడా అదే తరహా పుళ్లు లేస్తే ఒంట్లో జింకు లోపం ఉందేమో పరీక్షించాలి. ఫంగస్ మాటిమాటికీ వస్తూ, బిడ్డ విపరీతంగా నీళ్లు తాగుతూ, ఎక్కువగా మూత్రం పోస్తూ చిక్కిపోతుంటే ఆలస్యం చేయకుండా రక్తంలో చక్కెర చూపించాలి. తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగానికి వెళ్లినా, మీకు దగ్గరలో ఉన్న పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లినా, బయలుదేరే ముందు జింకు పూతను నూనెతో తుడిచేయండి. తెల్లటి పూత కింద చర్మం వారికి కనబడదు. అప్పటిదాకా పూసిన ట్యూబులన్నీ, సగం వాడి పారేయబోయినవి కూడా, ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి.