కమిలినట్టుండే చర్మపు గడ్డ: బీపీడీసీఎన్‌ను నిర్ధారించే పద్ధతి

దెబ్బ తగలకుండానే చర్మం కమిలినట్టు ఊదా, గోధుమ రంగులు కలిసిన మచ్చ గానీ గట్టి గడ్డ గానీ వచ్చి, దురదా నొప్పీ లేకుండా వారాల తరబడి తగ్గకపోతే, ముఖ్యంగా అరవై దాటిన పురుషుల్లో, బ్లాస్టిక్ ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ సెల్ నియోప్లాజమ్, అంటే బీపీడీసీఎన్ అనే అరుదైన రక్త క్యాన్సర్‌ను కూడా అనుమానితుల జాబితాలో చేర్చాలి. రోగి ఆరోగ్యంగా కనిపించినా, రక్తకణాల లెక్క సరిగ్గానే ఉన్నా, అనుమానం వదులుకోకూడదు.

మొదట బయాప్సీ (పరీక్ష కోసం చర్మపు ముక్క తీయడం) చేయాలి, వీలైతే స్టిరాయిడ్లు మొదలుపెట్టకముందే. పైపైన గీకి తీసిన ముక్క చాలదు. ఈ కణాలు చర్మపు పైపొరను సాధారణంగా ముట్టుకోకుండా, దాని కింద సన్నని ఖాళీ పట్టీని వదిలి, డెర్మిస్ అనే లోపలి పొరలోనూ ఒక్కోసారి కొవ్వు పొరలోనూ గుంపుకడతాయి కనుక, 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా పెద్ద పంచ్‌తో (చర్మాన్ని గుండ్రంగా కోసే పరికరంతో) లోతుగా తీయాలి.

అసలు చిక్కు ల్యాబ్‌లో వస్తుంది. కణాలను గుర్తుపట్టడానికి వాడే ప్రోటీన్లయిన సీడీ4, సీడీ56 రెండూ పాజిటివ్ వచ్చినంత మాత్రాన నిర్ధారణ అయినట్టు కాదు. మోనోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) లక్షణాలున్న ఏఎంఎల్ అనే రక్త క్యాన్సర్ చర్మంలోకి పాకినప్పుడు కూడా అవి కనిపిస్తాయి. సీడీ56ను చూసే ఒకప్పుడు దీన్ని ఎన్‌కే కణాల (ఒక రకం రోగనిరోధక కణాల) లింఫోమాగా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్‌గా లెక్కించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 వర్గీకరణలో గానీ ఇప్పటి పేరు స్థిరపడలేదు. అందువల్ల రిక్వెస్ట్ ఫారంపై కేవలం ‘లింఫోమా?’ అని రాసి ఊరుకోకుండా, సీడీ123, టీసీఎల్1, సీడీ303, టీసీఎఫ్4 అనే గుర్తుల పరీక్షలు కావాలని పేర్లతో సహా అడగాలి. ఇతర రక్తకణాల గుర్తులైన మైలోపెరాక్సిడేజ్, లైసోజైమ్, సీడీ3, సీడీ14, సీడీ19, సీడీ34 నెగెటివ్‌గా ఉండాలి. ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) పరీక్ష పాజిటివ్ అయితే ఎన్‌కే/టీ లింఫోమా వైపు చూడాలి. సీడీ56 లేదన్న ఒక్క కారణంతో, మిగతావన్నీ సరిపోతున్న కేసును కొట్టివేయకూడదు.

చర్మంలో తేలాక ఎముక మజ్జ పరీక్ష, ఫ్లో సైటోమెట్రీ (కణాలపై గుర్తులను చూసే పరీక్ష), పెట్-సీటీ స్కాన్ చేయించాలి. నరాల లక్షణాలు లేకపోయినా నడుము నుంచి వెన్ను ద్రవం తీసి చూడటం మంచిది, ఎందుకంటే వ్యాధి చడీచప్పుడు లేకుండా అక్కడ దాగి ఉండవచ్చు. మజ్జలో సీఎంఎంఎల్ (మోనోసైట్లు పెరిగే దీర్ఘకాలిక రక్త క్యాన్సర్) వంటి మరో వ్యాధి తోడై ఉందేమో కూడా గమనించాలి.

సీడీ123 ఫలితం చికిత్సకూ అవసరమే. 2018 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన టాగ్రాక్సోఫస్ప్ అనే మందు దానినే లక్ష్యంగా చేసుకుంటుంది. మూలకణ మార్పిడి తట్టుకోగల రోగి అయితే, వారి కణాలు రోగికి సరిపోతాయో లేదో చూసే తోబుట్టువుల హెచ్‌ఎల్‌ఏ పరీక్షను మొదటి కీమో ముగిసేదాకా వాయిదా వేయకుండా, నిర్ధారణ వచ్చిన వారంలోనే రాయాలి.