హెడ్‌ఫోన్ శబ్దం తల లోపలే ఉండిపోతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

గదిలో ఎదురుగా రెండు స్పీకర్లు పెట్టుకుని వింటున్నప్పుడు ఎడమ స్పీకర్ శబ్దం ఎడమ చెవికి మాత్రమే పరిమితం కాదు. అది సుమారు పావు మిల్లీసెకను ఆలస్యంగా కుడి చెవికీ చేరుతుంది. మధ్యలో తల అడ్డుగా ఉంటుంది కాబట్టి అక్కడ దాని పై స్థాయి ఫ్రీక్వెన్సీలు కొంత తగ్గి ఉంటాయి. చెవి దొప్పలోని మడతలు 4, 5 వేల హెర్ట్జ్‌ల పైన ఆ శబ్దం మీద దిశను బట్టి మారే ఒక ముద్ర వేస్తాయి, గోడలు దాన్ని తిప్పి పంపుతాయి, తల కాస్త కదిపితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ఇవేవీ ఉండవు. శబ్దం బయట ఉందనడానికి ఆధారమేదీ దొరకని మెదడు దాన్ని రెండు చెవుల మధ్యనే నిలబెడుతుంది. కింది సమస్యలన్నీ ఈ ఆధారాలలో ఏదో ఒకటి లోపించడం వల్లనో, తప్పుగా అందడం వల్లనో వచ్చేవే.

లక్షణం: గాయకుడి గొంతు నుదుటి వెనక, వాయిద్యాలు చెవులకు అతుక్కుని వినిపిస్తాయి

ఇది పరికరంలో లోపం కాదు. స్పీకర్ల కోసం మిక్స్ చేసిన స్టీరియోను ఏ మార్పూ లేకుండా హెడ్‌ఫోన్‌లో వింటే ఇలాగే ఉంటుంది, ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నా ఇలాగే ఉంటుంది. చాలామంది ముందుగా క్రాస్‌ఫీడ్ ప్రయత్నిస్తారు: ఒక చానెల్ శబ్దాన్ని సుమారు 700 హెర్ట్జ్ దగ్గర లో-పాస్ ఫిల్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను మాత్రమే వదిలేది) గుండా పంపి, కొద్దిగా తగ్గించి, ఆలస్యం చేసి, రెండో చెవికి కలపడం. దీనివల్ల ఒకే చెవిలో మోగే వాయిద్యాల చిరాకు తగ్గుతుంది, ఎక్కువసేపు వినడం సుఖంగా ఉంటుంది. శబ్దం బయటికి మాత్రం రాదు. చెవి దొప్ప ముద్ర, గది ప్రతిఫలనాలు అందులో లేవు కాబట్టి దాని నుంచి అంతకు మించి ఆశించకూడదు.

బయటికి రావాలంటే వర్చువల్ స్పీకర్లు కావాలి, అంటే నిజమైన గదిలో కృత్రిమ తల చెవులలోనో, మనిషి చెవులలోనో మైకులు పెట్టి కొలిచిన ఇంపల్స్ రెస్పాన్స్‌లతో (స్పీకర్ శబ్దాన్ని గది, తల, చెవి ఎలా మారుస్తాయో తెలిపే రికార్డులతో) పాటను కన్వల్యూషన్ చేయాలి, ఆ మార్పును లెక్కగట్టి పాట మీద వేయాలన్నమాట. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. తన చెవికి అచ్చంగా సరిపోయే హెచ్‌ఆర్‌టీఎఫ్ (ఒక్కో దిశ నుంచి వచ్చే శబ్దాన్ని తల, చెవి దొప్ప ఎలా మారుస్తాయో తెలిపే కొలత) కోసం నెలల తరబడి వెతికేవారు, ప్రతిధ్వని లేని గదిలో కొలిచిన ఫైల్‌నే వాడుతూ ఫలితం లేదని వాపోతుంటారు. వేరొకరి చెవులతో కొలిచినదైనా సరే, గది ప్రతిఫలనాలున్న ఫైల్ దానికంటే ముందుగా శబ్దాన్ని బయటికి తెస్తుంది. మొదట దాన్నే ప్రయత్నించాలి.

లక్షణం: పక్కల శబ్దాలు బయటికి వచ్చాయి, ఎదురుగా ఉండాల్సినది మాత్రం తల మీదనో వెనకనో వినిపిస్తోంది

ఇదే అన్నింటికంటే మొండి సమస్య. పక్క నుంచి వచ్చే శబ్దానికి రెండు చెవుల మధ్య సమయంలోనూ బలంలోనూ తేడా ఉంటుంది. చెవికి నేరుగా పక్కన ఉంటే సమయపు తేడా 0.6, 0.7 మిల్లీసెకన్ల దాకా వెళుతుంది. సరిగ్గా ఎదురుగా ఉన్న శబ్దానికి ఆ తేడా దాదాపు సున్నా, వెనక ఉన్నదానికీ అంతే. ముందు వెనకలను విడదీసేది చెవి దొప్ప ముద్ర, తల కదలిక మాత్రమే. చెవుల ఆకారం మనిషి మనిషికీ వేరు కాబట్టి వేరొకరి ముద్ర ఇక్కడే దెబ్బతీస్తుంది.

పరిష్కారం మూడు దశలలో వెతకాలి. మొదటిది, హెడ్‌ఫోన్ సొంత రంగును, అంటే అది తనంతట తాను శబ్దంలో తెచ్చే మార్పును, ఈక్వలైజర్‌తో సరిచేయడం. 5 నుంచి 10 వేల హెర్ట్జ్‌ల మధ్య హెడ్‌ఫోన్‌లో ఉండే ఎత్తుపల్లాలు చెవి దొప్ప ముద్రను చెరిపేస్తాయి. రెండవది, బహిరంగంగా దొరికే కొలతల సంకలనాలలోంచి పది పదిహేను మంది ఫైల్‌లను తీసుకుని, ఎదురుగా ఉన్న నాయిస్ శబ్దంతో ఒక్కొక్కటీ పోల్చడం. పరీక్షకు పాట పనికిరాదు, ఎందుకంటే పాట నచ్చడం వేరు, దిశ కుదరడం వేరు. మూడవది హెడ్ ట్రాకింగ్, అంటే తల కదలికను సెన్సర్‌తో పసిగట్టి శబ్దాన్ని దానికి తగ్గట్టు మార్చడం. తల కదలిక ముందు వెనకల సందిగ్ధతను తీరుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త హన్స్ వాలాక్ 1940లోనే ప్రయోగాలతో చూపించారు. మొదటి రెండు దశలూ విఫలమైనవారికి కూడా ఇది చాలాసార్లు పనిచేస్తుంది.

లక్షణం: తల తిప్పితే శబ్దం కూడా జారుతుంది, లేదా ఆలస్యంగా వెంటపడుతుంది

జారుతుంటే ట్రాకింగ్ ఆగి ఉంది లేదా సెన్సర్ కేంద్రం తప్పింది. ఎదురుగా చూస్తూ రీసెట్ చేస్తే సరిపోతుంది. వెంటపడుతుంటే కారణం ఆలస్యం. తల కదలికకూ శబ్దం మారడానికీ మధ్య 60, 70 మిల్లీసెకన్లు దాటితే చెవి దాన్ని పసిగట్టడం మొదలుపెడుతుంది. బ్లూటూత్‌లో ఆ హద్దు సులువుగా దాటిపోతుంది కాబట్టి వైరుతోనో, తక్కువ ఆలస్యం ఉన్న మోడ్‌తోనో పోల్చి చూడాలి, బఫర్‌ను (శబ్దాన్ని ముందుగా నిల్వ ఉంచుకునే భాగాన్ని) తగ్గించాలి.

లక్షణం: శబ్దం బయటికి వచ్చింది కానీ డొల్లగా, బావిలోంచి వస్తున్నట్టుగా ఉంది

మొదట అనుమానించాల్సినది రెండుసార్ల ప్రాసెసింగ్. ఆటలోనూ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ స్పేషియల్ సౌండ్ (వర్చువల్ స్పీకర్ల లాంటి ప్రాసెసింగ్) ఒకేసారి ఆన్‌లో ఉంటే చెవి దొప్ప ముద్ర ఒకదాని మీద ఒకటి పడుతుంది. ఏదో ఒకచోటే ఉంచాలి. కృత్రిమ తలతో రికార్డు చేసిన బైనారల్ శబ్దానికి కూడా వర్చువల్ స్పీకర్లు అక్కర్లేదు.

అది కాకపోతే సాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారో ఆ సంఖ్య) చూడండి. 48 కిలోహెర్ట్జ్ ఇంపల్స్ ఫైల్‌ను సాఫ్ట్‌వేర్ మార్చకుండా 44.1లో నడిపితే ముద్ర మొత్తం ఎనిమిది శాతం కిందికి జారుతుంది, చెవుల మధ్య ఆలస్యం ఆ మేరకు పెరుగుతుంది. గరగర వినిపిస్తే అది క్లిప్పింగ్, అంటే శబ్దం గరిష్ఠ స్థాయిని దాటి తెగిపోవడం. కన్వల్యూషన్ కొన్ని ఫ్రీక్వెన్సీలను పెంచుతుంది కాబట్టి ప్రీయాంప్‌ను (సాఫ్ట్‌వేర్‌లో మొత్తం స్థాయిని మార్చే సెట్టింగ్‌ను) 6 డెసిబెల్స్ తగ్గింపుతో మొదలుపెట్టి, గరగర పోయేదాకా ఇంకా తగ్గించాలి.

లక్షణం: నిన్న బాగుంది, ఈరోజు వేరే గదిలో అదే సెట్టింగ్ తల లోపలికి వచ్చేసింది

ఫైల్ చెడిపోలేదు. చిన్న గదిలో కూర్చుని హాలు ప్రతిధ్వని వింటే, కళ్ళు చెప్పేదానికీ చెవులు చెప్పేదానికీ పొత్తు కుదరక శబ్దం దగ్గరికి జరుగుతుంది. కూర్చున్న గదికి దగ్గరగా ఉండే ఇంపల్స్‌ను ఎంచుకోవాలి. వీలైతే ఎదురుగా నిజమైన స్పీకర్లు ఉంచుకోండి, అవి మోగకపోయినా పరవాలేదు. మోగుతున్నది హెడ్‌ఫోనో స్పీకరో తేల్చుకోలేక ఒకసారి హెడ్‌ఫోన్ తీసి చూడాల్సి వస్తే, సెట్టింగ్ కుదిరినట్టే.