రిపేరు చేయించినా బండి మళ్లీ అదే ప్రాబ్లంతో ఆగిందా? మెకానిక్‌తో తేల్చుకునే పద్ధతి ఇది

పోయిన ఎండాకాలం మా అమ్మని కంటి చెకప్‌కి హైదరాబాద్ తీసుకెళ్తుంటే కోదాడ దాటాక టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి ఎక్కేసింది, ఏసీలోంచి వేడిగాలి, బానెట్ సందుల్లోంచి ఆవిరి. సరిగ్గా 11 రోజుల ముందే విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య బిగించే సీలు) మార్పించా, 23,500 కట్టా, మేస్త్రి "ఇంక అయిదేళ్లు దీని జోలికి రానక్కర్లేదు సార్" అని మరీ చెప్పాడు. రోడ్డు పక్కన వేపచెట్టు కింద అమ్మని కూర్చోబెట్టి నేను ఫోన్ చేస్తే ఆయన ఫస్ట్ అన్న మాట, "మీరే వేడి మీద తోలేసుంటారు సార్".

ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తప్పు రిపేరు మీద గొడవ వచ్చిన ప్రతిచోటా అవతలివాళ్లు చెప్పే మాట దాదాపు ఇదే. క్లచ్ అయితే "మీరు హాఫ్ క్లచ్ మీద తోలారు" అంటారు, ఏసీ అయితే "గ్యాస్ ఎక్కడో వేరేచోట లీకవుతోంది, మేం చేసిన పని కాదు" అంటారు. కాబట్టి మనం తేల్చాల్సింది బండి పాడైందా లేదా అని కాదు, అది ఎవరి పని వల్ల పాడైంది అని. దానికి సాక్ష్యం బండిలోపలే ఉంటుంది, వేరే మెకానిక్ స్పానర్ పెట్టి విప్పేసిన నిమిషంలో ఆ సాక్ష్యం పోతుంది. నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే: కోపంలో బండిని ఇంకో షెడ్డుకి తీసుకెళ్లి విప్పించేయొద్దు.

బండి ఆగిన చోట ఏం చేయాలంటే, ముందు ఇంజన్ ఆపేయండి. పక్క ఊరిదాకా లాగిద్దాం అని పది కిలోమీటర్లు తోలితే హెడ్ ఇంకా వంగుతుంది, రేపు మేస్త్రి "వేడి మీద తోలారు" అన్నది అక్షరాలా నిజమైపోతుంది, కన్స్యూమర్ కమిషన్ (వినియోగదారుల కోర్టు) దాకా వెళ్లినా అదే మనకి ఎదురు తిరుగుతుంది. వేడిగా ఉండగా రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు, మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. ఆపిన వెంటనే ఫోన్ తీసి ఒకే వీడియోలో టెంపరేచర్ ముల్లు, మీటర్‌లో కిలోమీటర్ల రీడింగ్, బండి నంబర్, చుట్టూ ఉన్న చోటు కనపడేలా తీయండి, మధ్యలో కట్ చేయొద్దు. నా వీడియో నిమిషంన్నర కూడా లేదు, కానీ రిపేరు తర్వాత బండి తిరిగింది 412 కిలోమీటర్లే అని బిల్లు మీది రీడింగ్‌తో కలిపి చూపిస్తే ఆ తర్వాత ఎవరూ కాదనలేకపోయారు.

టోయింగ్ బండి కోసం ఎదురుచూస్తూనే మెకానిక్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. ఫోన్‌లో ఎంత అరిచినా గాల్లో కలిసిపోతుంది, రాసింది నిలబడుతుంది. నేను పెట్టింది ఇంచుమించు ఇలా: "మేస్త్రిగారూ, ఫలానా తారీఖున మీ దగ్గర హెడ్ గ్యాస్కెట్ మార్పించిన బండి ఇవాళ 2:10కి కోదాడ దాటాక మళ్లీ హీటెక్కి ఆగింది, వెంటనే ఇంజన్ ఆపేశాను, వీడియో పంపుతున్నా, బండి మీ షెడ్డుకే తెప్పిస్తున్నా, నేను లేకుండా విప్పొద్దు." బూతులు లేవు, బెదిరింపు లేదు. రేపు ఇదే మెసేజ్‌ని మూడో మనిషి చదువుతాడు అనుకుని రాయాలి. టోయింగ్ రసీదు కూడా దాచండి, ఆ డబ్బు కూడా అడగొచ్చు.

ఇక విప్పడం. అదే షెడ్డులో, ఆయన చేతే, మీ ఎదురుగా విప్పించాలి, మీ తరఫున పని తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. నేను మా బాబాయ్‌కి తెలిసిన ఒక పాత మెకానిక్‌ని తీసుకెళ్లా, ఆయన పొద్దున అరపూట మాతోనే ఉన్నాడు, దానికి డబ్బులిచ్చా, ఇవ్వాలి కూడా. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిపిన కాఫీలాంటి నురగ, అంటే కూలెంట్ ఆయిల్‌లో కలిసిందని. హెడ్ దించాక నేను తీసుకెళ్లిన మెకానిక్ దాన్ని గుడ్డతో తుడిచి, అడ్డంగా స్టీలు పట్టీ నిలబెట్టి, వెనకనుంచి నా ఫోన్ టార్చ్ పెట్టమన్నాడు. రెండో సిలిండర్‌కీ మూడో సిలిండర్‌కీ మధ్య పట్టీ కింద సన్నటి వెలుతురు గీత కనిపించింది. హెడ్ వంగి ఉంది. లేత్‌లో ఫేసింగ్ చేసిన, అంటే సన్నగా కోసి చదును చేసిన హెడ్ మీద కొత్తగా కోసిన సన్న గీతలు మెరుస్తూ కనపడతాయి, మాదాని మీద పాత మసి మరకలు అలాగే ఉన్నాయి. నా బిల్లులో మాత్రం "హెడ్ ఫేసింగ్ 2,200" అని రాసి ఉంది. వంగిన హెడ్ మీద ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా ఆ సందులోంచి ప్రెషర్ కొట్టి మళ్లీ పోతుంది, అందులో డ్రైవర్ తప్పేం లేదు.

ఆ గీత చూశాక మేస్త్రి రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత కుర్రాడిని పిలిచి లేత్‌కి పంపావా లేదా అని అడిగాడు, వాడు తల దించుకున్నాడు. అక్కడ నేను గట్టిగా అరవొచ్చు, అరవలేదు, ఎందుకంటే పదిమంది ముందు పరువు పోతే ఏ మనిషైనా ఒప్పుకోబోయేది కూడా ఒప్పుకోడు. పక్కకి పిలిచి, "అన్నా, నాకు గొడవొద్దు, ఫేసింగ్ నీ ఖర్చు, కొత్త గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు, ఆయిల్, కూలెంట్ నీ ఖర్చు, టోయింగ్ సగం ఇవ్వు, కాగితం మీద రాసివ్వు" అన్నా. బేరమాడి బోల్టుల డబ్బు నన్నే పెట్టుకోమన్నాడు, ఒప్పుకున్నా. మీరు కూడా అడిగేది ముందే లెక్క వేసుకుని వెళ్లండి, ఏది కచ్చితంగా కావాలి ఏది వదులుకోగలం అని. "నా టైమ్ వేస్ట్ అయింది, మొత్తం వాపసు ఇవ్వు" అంటే చిన్న షెడ్డువాడు చేతులెత్తేస్తాడు.

అందరికీ ఇంత సులువుగా తేలదు, అది నాకూ తెలుసు. మెకానిక్ మొండికేస్తే ముందు ఆ ఏరియాలో మెకానిక్‌ల యూనియన్‌, అసోసియేషన్ ఏదైనా ఉందేమో కనుక్కోండి, ఆటోనగర్ లాంటి చోట్ల పెద్దమనుషుల మాటకి విలువ ఉంటుంది. కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ అయితే జాబ్ కార్డ్, ఎస్టిమేట్, ఫైనల్ బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, మీరు చెప్పిన కంప్లైంట్ జాబ్ కార్డులో రాశారా, ఒప్పుకోని పనికి బిల్లు వేశారా అని, ఆ తర్వాత సర్వీస్ మేనేజర్‌కీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ ఒకే మెయిల్ పెట్టండి. ఇలాంటి పెద్ద కంపెనీల విషయంలో నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 బాగా పనికొస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లకి ఆర్డర్ వేసే అధికారం లేదు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు అంతే, అందుకే రోడ్డు పక్క షెడ్డు మీద దానివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

బండి ఇవ్వను అని పట్టుకుంటే? చాలామంది ఇక్కడ పోలీస్ స్టేషన్‌కి పరిగెడతారు. చేసిన పనికి డబ్బులు రాకపోతే బండిని తన దగ్గర ఉంచుకునే హక్కు మెకానిక్‌కి చట్టంలోనే ఉంది, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170. కానీ అది ఆ పని తాలూకు డబ్బు వరకే, పాత బాకీలు, వేరే బండి లెక్కలు ఇందులో కలపడానికి లేదు. బండి అర్జెంటుగా కావాలంటే డబ్బు కట్టేసి బిల్లు మీద "పని మీద అభ్యంతరం ఉంది, బండి కోసం కడుతున్నాను" అని రాసి సంతకం పెట్టి ఫోటో తీసుకోండి, యూపీఐలో కట్టండి, క్యాష్ వద్దు. అలా రాస్తే కట్టినంతమాత్రాన పని బాగుందని ఒప్పుకున్నట్టు కాదు. వేయని పార్టుకి బిల్లు వేశారు, డూప్లికేట్ పార్టు వేసి ఒరిజినల్ అన్నారు, అలాంటి మోసం ఉంటేనే పోలీసుల దాకా వెళ్లడంలో అర్థముంది, పని సరిగ్గా రాకపోవడం మాత్రం వాళ్లు చూసే కేసు కాదు.

ఇంకా దారికి రాకపోతే రాతపూర్వకంగా నోటీసు పంపండి, స్పీడ్ పోస్ట్‌లో, 15 రోజులు టైమ్ ఇచ్చి. లాయరే రాయాలని లేదు. తారీఖులు, కట్టిన డబ్బు, ఏం తప్పు జరిగింది, ఏం కావాలి, ఒక పేజీ చాలు. దానికీ పలకకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్లోనో ఉద్యోగం చేసే ఊళ్లోనో కేసు వేయొచ్చు, రిపేరు చేసిన ఊరికే తిరగక్కర్లేదు. నాలాగా విజయవాడలో రిపేరు చేయించి వేరే ఊళ్లో ఉండేవాళ్లకి ఇది చాలా పెద్ద ఊరట. మనం కట్టిన రిపేరు డబ్బు 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు, కానీ అంతకాలం ఆగితే బండి స్థితి మారిపోతుంది కాబట్టి ఆగొద్దు. అవతలివాళ్లు నోటీసు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, అంతకుమించి లేదు. కేసు మాత్రం చట్టంలో రాసినంత తొందరగా తేలుతుందని ఆశపెట్టుకోకండి, అందుకే పది, ఇరవై వేల గొడవని ముందే మాట్లాడి తేల్చుకోమని నేను చెప్పేది.

కమిషన్‌లో మన మాట ఒక్కటే చాలదు. ఇంకో గ్యారేజీ లెటర్‌హెడ్ మీద ఫోటోలతో ఇన్‌స్పెక్షన్ రిపోర్టు కావాలి, డబ్బు పెద్దదైతే లైసెన్స్ ఉన్న వెహికల్ సర్వేయర్‌తో రాయించుకోవడం మేలు. "పాత మెకానిక్ దొంగ" అని రాయించుకోవద్దు, "హెడ్ ఇన్ని చోట్ల వంగి ఉంది, ఫేసింగ్ గుర్తులు లేవు" అని కొలతలతో రాయించుకోండి. పాత పార్టులు కవర్లో వేసి తారీఖు రాసి దాచండి, మా పాత గ్యాస్కెట్ ఇప్పటికీ అటక మీద ఉంది.

బిల్లే ఇవ్వలేదు, తెల్లకాగితం మీద అంకెలు రాసిచ్చాడు అంటారా, ఫర్వాలేదు. బిల్లు ఇవ్వకపోవడం ఆ 2019 చట్టంలోనే తప్పుడు వ్యాపార పద్ధతి కింద ఉంది. యూపీఐ ఎంట్రీ, వాట్సాప్ చాట్, షెడ్డులో బండి ఉన్న ఫోటో, ఇవన్నీ కలిపితే పని అక్కడే జరిగిందని చూపించుకోవచ్చు.

రెండోసారి రిపేరు అయ్యాక బండి తెచ్చుకునేటప్పుడు లేత్ షాపు రసీదు అడిగి తీసుకోండి, కొత్త గ్యాస్కెట్ బిగించే ముందు హెడ్ ఫోటో తీసుకోండి, ఎన్ని నెలలు లేదా ఎన్ని కిలోమీటర్ల వరకు గ్యారంటీ అన్నది మేస్త్రి చేతిరాతతోనే బిల్లు మీద రాయించుకోండి, మాకు ఆయన ఆరు నెలలు అని రాసిచ్చాడు. ఆ తర్వాత రెండు వారాలు రోజూ పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో లెవెల్ చూడండి, గీత దగ్గర స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టుకోండి. నేను పదిహేను రోజులు చూశా, గుర్తు దగ్గరే ఉంది. పదహారో రోజు అమ్మని మళ్లీ హైదరాబాద్ తీసుకెళ్లా.