పాత బేస్‌బాల్ పట్టికలు చదవడం – 4వ పాఠం: గెలుపు నిష్పత్తి, వెనుకబాటు

గత పాఠంలో ఒక్క మ్యాచ్ స్కోరును చదవడం నేర్చుకున్నాం కనుక, ఈసారి సీజన్ మొత్తం పట్టికను ముందు పెట్టుకుందాం. అభ్యాసానికి పసిఫిక్ కోస్ట్ లీగ్ తొలి సీజన్, అంటే 1903ను ఎంచుకున్నాను. అమెరికా పశ్చిమ తీరంలో ఆరు నగరాల జట్లతో మొదలైన ఈ లీగ్, ఆ ఏడాది మైనర్ లీగుల (అగ్రశ్రేణి కంటే కింది స్థాయి లీగుల) జాతీయ సంఘంలో చేరకపోవడంతో, ఆ సంఘం గుర్తింపు లేని ‘వెలి’ లీగుగానే నడిచింది. కాలిఫోర్నియాలో చలి తక్కువ కాబట్టి ఆటలు నవంబరు దాకా సాగాయి. అందుకే ఈ పట్టికలోని అంకెలు ఇంత పెద్దవి.

లాస్ ఏంజెలెస్: గెలుపు 133, ఓటమి 78
శాక్రమెంటో: 105, 105
సియాటిల్: 98, 100
శాన్ ఫ్రాన్సిస్కో: 107, 110
పోర్ట్‌లాండ్: 95, 108
ఓక్లాండ్: 89, 126

ముందుగా గెలుపులన్నీ కూడండి, తరువాత ఓటములన్నీ కూడండి. రెండూ 627 రావాలి, ఎందుకంటే ఒక జట్టు గెలుపు మరో జట్టు ఓటమే. పాత పత్రికల స్కాన్లలో 3కూ 8కీ తేడా తెలియక నేను చాలాసార్లు తప్పు రాసుకున్నాను. ఆ తప్పులను పట్టించింది ఈ కూడికే.

ఇప్పుడు మూడు, నాలుగు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. 107 మ్యాచ్‌లు గెలిచిన శాన్ ఫ్రాన్సిస్కో, 98 మాత్రమే గెలిచిన సియాటిల్ కంటే కింద ఉంది. ఐపీఎల్ పాయింట్ల పట్టికకు అలవాటుపడిన కంటికి ఇది అచ్చుతప్పులా కనిపిస్తుంది. కానీ సియాటిల్ ఆడింది 198 మ్యాచ్‌లే, శాన్ ఫ్రాన్సిస్కో ఆడింది 217. అన్ని జట్లూ సమానంగా ఆడని చోట గెలుపుల సంఖ్యతో వరుస కడితే ఎక్కువ ఆడినవారికే లాభం కలుగుతుంది కాబట్టి, గెలుపులను ఆడిన మొత్తంతో భాగించి, దశాంశం తరువాత మూడు స్థానాలు ఉంచుతారు. 98ని 198తో భాగిస్తే 0.495, 107ను 217తో భాగిస్తే 0.493 వస్తాయి. తేడా వెయ్యింట రెండు వంతులే అయినా స్థానం మాత్రం సియాటిల్‌దే. అచ్చులో ముందున్న సున్నాను వదిలేసి .495 అనే వేస్తారు.

తరువాతిది వెనుకబాటు, అంటే అగ్రస్థానంలోని జట్టుకు ఒక జట్టు ఎన్ని మ్యాచ్‌ల దూరంలో ఉందో చెప్పే అంకె. అగ్రస్థానంలోని జట్టు గెలుపుల నుంచి మన జట్టు గెలుపులను తీసివేయండి. మన జట్టు ఓటముల నుంచి అగ్రజట్టు ఓటములను తీసివేయండి. వచ్చిన రెండింటినీ కూడి సగం చేయండి. శాక్రమెంటోకు 28, 27 వస్తాయి, కూడితే 55, సగం 27½. అరమ్యాచ్ ఎవరూ ఆడరు కదా అనిపించవచ్చు. లాస్ ఏంజెలెస్ 211 మ్యాచ్‌లు, శాక్రమెంటో 210 ఆడాయి. ఆ ఒక్క మ్యాచ్ తేడాయే ఇక్కడ అరగా కనిపిస్తోంది. రెండో స్థానంలోని జట్టే ఇంత దూరంలో ఉందంటే, ఈ సీజన్‌లో అగ్రస్థానం కోసం చివరి వారాల్లో పోటీ అంటూ ఏమీ మిగల్లేదని ఆనాటి వార్తలు చదవకుండానే చెప్పవచ్చు.

అభ్యాసం: పోర్ట్‌లాండ్, ఓక్లాండ్ జట్ల నిష్పత్తినీ వెనుకబాటునూ మీరే కట్టండి. వెనుకబాటు వరుసగా 34, 46 రాకపోతే, ఓటముల తీసివేతలో ఏ సంఖ్యను ముందు రాశారో మళ్లీ చూసుకోండి.