డీలర్స్ మీట్ నిర్వహణ – 3వ పాఠం: తేదీ, ఎజెండా, లెక్కల టేబుల్

గత పాఠంలో మీట్ ఎందుకు పెడుతున్నామో ఒక్క వాక్యంలో రాసుకున్నాం, బడ్జెట్ వేసుకున్నాం. మన ఉదాహరణ గుర్తుంది కదా: విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఓ కంపెనీ, గుంటూరు, పల్నాడు జిల్లాల నుంచి 120 మంది డీలర్లు, ఖరీఫ్‌కు ముందు ఒక రోజు సమావేశం. మనం రాసుకున్న వాక్యం: "మిరపలో మన మందులు ఎలా అమ్మాలో డీలర్లకు తెలియాలి, అమ్మకానికి ఏం అడ్డొస్తోందో మనకు తెలియాలి." దాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ వారం తేదీ, ఎజెండా ఖాయం చేద్దాం.

ముందు తేదీ. ఎండీ గారు ఏ రోజు ఖాళీగా ఉంటారో చూసి తేదీ పెట్టడం చాలా కంపెనీల్లో అలవాటు. డీలర్ కొట్టు ఎప్పుడు వదిలి రాగలడన్నది మొదట చూడాలి. జూన్‌లో తొలకరి పడ్డాక విత్తనాల కొట్టు వదిలి ఎవరూ రారు, కొడుకునో గుమస్తానో పంపుతారు. నిర్ణయం తీసుకునే మనిషి రాకపోతే మనం చెప్పేది సగమే చేరుతుంది. మార్చి నెలాఖరులో వసూళ్ల ఒత్తిడి, ఖాతాల ముగింపు. కాబట్టి మిగిలేది ఏప్రిల్ రెండో వారం నుంచి మే మధ్య వరకు.

అక్కడ ఇంకో చిక్కు. అవి పెళ్లిళ్ల రోజులు. మంచి ముహూర్తం ఉన్న రోజు ఏసీ ఫంక్షన్ హాలు దొరకదు, దొరికినా అద్దె ఎక్కువ, డీలర్‌కు కూడా నాలుగు శుభలేఖలు వచ్చి ఉంటాయి. అందుకే క్యాలెండర్‌తో పాటు పంచాంగం కూడా తీయండి. ముహూర్తాలు లేని రోజులు గుర్తు పెట్టుకోండి. వాటిలో అమావాస్య కొట్టేయండి, కొత్త స్కీమ్ (ఇంత సరుకు ఎత్తితే ఇంత లాభం అని కంపెనీ డీలర్లకు ఇచ్చే ఆఫర్) ఆ రోజు మొదలుపెట్టడానికి మన వ్యాపారులు ఇష్టపడరు. సోమవారం, శనివారం మాంసం ముట్టనివాళ్లు ఎక్కువ, ఆ రోజుల్లో పెడితే శాకాహారం వంటకాలు పెంచాలి. ఇవన్నీ చూస్తే నాకు బుధవారం అనుకూలంగా అనిపిస్తుంది.

హాలు చూడటానికి వెళ్లినప్పుడు మేనేజర్‌ను ఒక ప్రశ్న తప్పక అడగండి: "కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీలు కూడా నడుస్తాయా, లైట్లు, మైకు మాత్రమేనా?" ఏప్రిల్ ఎండల్లో మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోయి ఏసీలు ఆగితే పావుగంటలో జనం వరండాలోకి వెళ్లిపోతారు. మాటతో సరిపెట్టుకోకుండా మెయిన్ ఆఫ్ చేయించి, జనరేటర్ వేయించి కళ్లారా చూడండి. మైకు, పార్కింగ్ వంటివి అయిదో పాఠంలో చూద్దాం.

ఇక ఎజెండా. మీటింగులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి పిలుపులు, శాలువాలు, బొకేలు. ఒక్కొక్కరికి 3 నిమిషాలు అనుకున్నా 8 మందికి 24 నిమిషాలు. పొద్దున్నే బస్సెక్కి మాచర్ల నుంచి వచ్చిన మనిషి చెవి పెట్టి వినే మొదటి అరగంట దానికే ఖర్చవుతుంది. జ్యోతి వెలిగించండి, అది వద్దనను. వేదిక మీద ముగ్గురిని మించి కూర్చోబెట్టకండి. సన్మానాలు భోజనం ముందు పెట్టుకోండి.

మన ఉదాహరణకు నేను వేసే ఎజెండా ఇలా ఉంటుంది. పదిన్నరకు టిఫిను, పేర్ల నమోదు. పదకొండుకు మొదలు, స్వాగతం 5 నిమిషాలే. కొత్త మందు గురించి 25 నిమిషాలు. ఆ తర్వాత ముప్పావు గంట పూర్తిగా డీలర్లది. స్కీమ్ వివరాలు పన్నెండుంబావుకు, సన్మానాలు పన్నెండు నలభైకి, భోజనం ఒంటిగంటకు.

డీలర్లు మాట్లాడే ఆ ముప్పావు గంట స్కీమ్ కంటే ముందే ఉండాలి. స్కీమ్ చెప్పిన క్షణం నుంచి అందరి బుర్రలో లెక్కలు మొదలవుతాయి: ఎన్ని పెట్టెలు ఎత్తాలి, ఎంత మిగులుతుంది అని. ఇక పొలం సమస్య ఎవరూ ఎత్తరు. "ఎవరైనా ప్రశ్నలు అడగండి" అని వదిలేస్తే హాలు నిశ్శబ్దంగా ఉంటుంది. ఊళ్లో పోటీ కొట్టువాడు పక్క కుర్చీలోనే ఉన్నప్పుడు మొహమాటం సహజం. వారం ముందే మీ సేల్స్ ఆఫీసర్లతో ఫోన్లు చేయించి, నలుగురైదుగురు పాత డీలర్లను "ఏమండీ, మీ వైపు మిరపలో ఏం ఇబ్బందో మీరే మొదలుపెట్టాలి" అని అడిగించండి. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఎంత దెబ్బతీసిందో ఈ జిల్లాల్లో అందరికీ గుర్తుంది. ఆ మాట ఎవరైనా ఎత్తితే జవాబు చెప్పగల వ్యవసాయ నిపుణుడు హాల్లో ఉండాలి. మార్కెటింగ్ మేనేజర్ దాటవేస్తే రైతుకు రోజూ జవాబు చెప్పుకునే డీలర్ ఇట్టే పసిగడతాడు.

ఇప్పుడు ఈ పాఠంలో అసలు విషయం, లెక్కల టేబుల్. డీలర్ మనసులో మీటింగంతా తిరిగేది కొత్త మందు కాదు, నిరుటి స్కీమ్ తాలూకు క్రెడిట్ నోట్ (డీలర్‌కు రావాల్సిన మొత్తం ఖాతాలో జమ చేశామని కంపెనీ ఇచ్చే కాగితం) రాలేదన్నది. వెనక్కి పంపిన సరుకు ఖాతాలో జమ పడలేదన్నది. హాలు పక్క గదిలో ఒక టేబుల్ వేయండి. అకౌంటెంట్, ల్యాప్‌టాప్, ప్రింటర్. పదిన్నర నుంచి సాయంత్రం నాలుగింటి వరకు అది తెరిచే ఉండాలి. వచ్చిన ప్రతి డీలర్‌కూ ఖాతా స్టేట్‌మెంట్ ప్రింటు తీసి చేతికివ్వాలి, తేడా ఉందంటే రాసుకుని, ఏ తేదీలోగా తేలుస్తారో ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టాలి. బాకీ వసూలు మాత్రం ఆ రోజు ఎత్తవద్దు. పిలిచి భోజనం పెట్టి డబ్బడిగారన్న పేరు వస్తే, బాకీ ఉన్నవాళ్లు వచ్చే ఏడు మొహం చాటేస్తారు.

ఈ టేబుల్‌కు పన్ను కోణం కూడా ఉంది. 2022 జూలై 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలోని 194ఆర్ నిబంధన కింద, ఒక డీలర్‌కు ఏడాదిలో 20,000 రూపాయలు దాటి ఇచ్చే ప్రయోజనాలపై 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) వచ్చింది. ఆదాయపు పన్ను శాఖ ఆ ఏడాది జూన్‌లో ఇచ్చిన వివరణలో కొత్త సరుకు పరిచయం, ఆర్డర్లు, సందేహాల నివృత్తి, ఖాతాలు సరిచూడటం లాంటివి ప్రధానంగా ఉన్న సమావేశం ఖర్చును ప్రయోజనంగా లెక్కించనక్కర్లేదని చెప్పింది. టార్గెట్ కొట్టినవాళ్లకు మాత్రమే బహుమతిగా పెట్టే సమావేశం, విహారయాత్ర, కుటుంబ సభ్యుల ఖర్చు ఆ మినహాయింపులోకి రావు. కాబట్టి ఎజెండా కాపీ, హాజరు పట్టీ, లెక్కల టేబుల్ కాగితాలు ఒక ఫైల్లో పెట్టి ఆడిటర్ గారికి పంపండి. ఇప్పటి నిబంధన ఏమిటో ఆయననే అడిగి తేల్చుకోండి. బహుమతులు కొనే ముందు అడగాలి, కొన్నాక కాదు.

ఈ వారం అభ్యాసం: మీ వ్యాపారానికి తగ్గట్టు మూడు తేదీలు రాసి, ఒక్కోదాని పక్కన ఆ రోజు డీలర్ ఎందుకు రాలేకపోవచ్చో రాయండి. తర్వాత ఎజెండా వేసి, కంపెనీ మాట్లాడే నిమిషాలు, డీలర్లు మాట్లాడే నిమిషాలు విడివిడిగా కూడండి. రెండోది మొదటిదానిలో సగానికి తగ్గితే మళ్లీ వేయండి. నాలుగో పాఠంలో పిలుపులు: కార్డు ఎప్పుడు, వాట్సాప్ ఎప్పుడు, ఫోన్ ఎవరు చేయాలి.