వానలు పడకముందే: బాలాపూర్‌లో వాంగ్మూలాలు తీసుకునే బృందాన్ని నడిపేవారికి జాగ్రత్తలు

జూన్ రెండో వారానికల్లా హైదరాబాద్‌లో వానలు అందుకుంటాయి. ఆగస్టు 25 దగ్గర పడేసరికి మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లింలకు సంస్మరణ సభలు, వాళ్ల బస్తీల్లో కెమెరాలు, ఇంటర్వ్యూలు మొదలవుతాయి. 2017లో ఆ రోజునుంచే మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో సైన్యం ఊళ్ల మీద పడింది. తర్వాతి నెలల్లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. జూన్ వానలకూ ఆ ఆగస్టు తేదీకీ మధ్య వచ్చే రెండున్నర నెలలూ, హైదరాబాద్ శివారు బాలాపూర్ బస్తీల్లో ఉండే రోహింగ్యాల దగ్గర ఆ దాడుల గురించి వాంగ్మూలాలు తీసుకోవడానికి చెడ్డకాలం. రేకుల మీద వాన పడుతుంటే రికార్డింగులో మనిషి గొంతు వినపడదు. గుడిసెలోకి నీళ్లొస్తే కుటుంబం రాత్రికి రాత్రే చోటు మారుతుంది. మీరు అడగబోయే సంగతినే అప్పటికి పదిమంది కలిసి పదిసార్లు చెప్పుకుని ఉంటారు, చూసిందీ విన్నదీ కలగలిసిపోతాయి. పని ఏప్రిల్, మే నెలల్లో ముగించుకోండి. కుదరకపోతే కనీసం ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా కొత్త సాక్షి ఎవరినీ కూర్చోబెట్టకండి.

మీరెవరో ముందు మీరు తేల్చుకోండి

అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని ఏర్పరచిన ఒప్పందం రోమ్ శాసనం. భారతదేశం అందులో చేరలేదు. బంగ్లాదేశ్ చేరింది. అందుకే జనాన్ని సరిహద్దు దాటించి తరిమేసిన నేరం మీద దర్యాప్తుకు హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2019 నవంబరు 14న అనుమతి ఇవ్వగలిగింది. బంగ్లాదేశ్‌కు ఆ శాసనం వర్తించడం మొదలైన 2010 జూన్ 1 నుంచి, కనీసం కొంత భాగమైనా ఆ శాసనంలో చేరిన దేశం నేల మీద జరిగిన నేరాలే దాని పరిధిలోకి వస్తాయి. ఇక్కడ లాయర్లు, విద్యార్థులు, సేవాసంస్థలవాళ్లు కలిసి కట్టుకున్న బృందానికి ఆ కోర్టు అధికారం ఏ కొంచెమూ లేదు. "దర్యాప్తు అధికారులం" అని ఎవరూ నోరు జారకూడదు, కార్డుల మీద కోర్టు పేరు వేయకూడదు. బస్తీలో ఆ మాట ఒక్కసారి పాకిందంటే, మీరు పోలీసులని కొందరు, మీరొస్తే విదేశానికి పంపిస్తారని కొందరు అనుకుంటారు. ఆ రెండు నమ్మకాల్లో దేనితో కూర్చున్న సాక్షయినా నిజం చెప్పడు.

ఇంకో పొరపాటు తేదీల దగ్గర జరుగుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవారిలో రఖైన్‌లో జరిగిన 2012 అల్లర్ల తర్వాత వచ్చినవారూ ఉన్నారు. 2013లో ఇక్కడికి చేరిన మనిషి 2017 గురించి చెప్పేది ఫోన్‌లో విన్న సంగతి. అబద్ధం కాదు, కానీ చూసిన సాక్ష్యమూ కాదు. అదే మనిషి 2012లో తన ఇంటికి ఏమైందో చెబితే అది కళ్లారా చూసింది. కాబట్టి మొదటి ప్రశ్న "2017లో ఏం జరిగింది" అని కాకుండా "ఊరు ఎప్పుడు వదిలారు, ఏ దారిన వచ్చారు" అని ఉండాలి.

తక్కువ అడగడం

బృందాన్ని నడిపేవారి అసలు పని ఇది: తమవాళ్లు ఎక్కువ అడగకుండా పట్టుకోవడం. ఒకే మనిషి దగ్గర ముగ్గురు మూడుసార్లు వాంగ్మూలం తీసుకుంటే మూడింటిలో చిన్నచిన్న తేడాలు వస్తాయి. అయిదేళ్ల తర్వాత డిఫెన్స్ లాయరు ఆ మూడూ పక్కపక్కన పెట్టి చదువుతాడు. సాక్షి మనసు ఎన్నిసార్లు చితికిందో ఆ కాగితాల్లో కనిపించదు, తేడాలు మాత్రమే కనిపిస్తాయి. హేగ్ కోర్టు ప్రాసిక్యూటర్ కార్యాలయం, ఐరోపా సమాఖ్య న్యాయ సహకార సంస్థ యూరోజస్ట్ కలిసి 2022లో స్వచ్ఛంద సంస్థల కోసం వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఇదే జాగ్రత్త చెబుతాయి. వివరమైన వాంగ్మూలం జోలికి పోకండి, ముఖ్యంగా పిల్లల దగ్గర, లైంగిక హింసకు గురైనవారి దగ్గర.

మరి ఏం తీసుకోవాలి? మనిషి ఎవరు, ఎక్కడివారు, ఏ సంగతి గురించి చెప్పగలరు, అది చూశారా విన్నారా, దగ్గర కాగితాలో ఫొటోలో ఉన్నాయా, ఇంతకుముందు ఎవరికి చెప్పారు, మళ్లీ ఎలా కలవాలి. రెండు పేజీల్లో పట్టేంత. ముసలితనం వల్లో, జబ్బు వల్లో, ఉన్నచోటు నుంచి వెళ్లిపోయే ప్రమాదం వల్లో రేపు దొరకని మనిషయితే తప్ప అంతకు మించి వెళ్లకండి. వెళ్లాలా వద్దా అన్నది బృందనాయకులు ముందురోజే నిర్ణయించి, కారణం రాసి పెట్టాలి. సాక్షి ఎదురుగా కూర్చున్నాక ఆ నిర్ణయం తీసుకుంటే జాలే తీసుకుంటుంది.

అడిగే తీరు మీద బృందం చేత కనీసం రెండు రోజులు సాధన చేయించండి. "సైనికులు ఇళ్లు తగలబెట్టారా?" అన్న ప్రశ్నలో జవాబు ఉంది. "ఆ పొద్దున లేచినప్పటి నుంచి చెప్పండి" అన్నదాంట్లో లేదు. చెబుతున్నంతసేపు అడ్డు రావద్దు, మౌనం వస్తే పది లెక్కపెట్టేదాకా ఆగండి. తేదీలు అడగకండి, ఆనవాళ్లు అడగండి: ఏ నమాజు వేళ, వరి ఏ ఎత్తుకు వచ్చింది, బక్రీద్‌కు ముందా వెనకా. 2017 ఆగస్టు 25 శుక్రవారం, ఆ ఏడు అక్కడ బక్రీద్ సెప్టెంబరు మొదట్లో వచ్చింది. ఈ లెక్క మీ పుస్తకంలో ఉండాలి గానీ మీ నోట రాకూడదు. ఊరి పేర్లూ అంతే. తులాతోలి అని రోహింగ్యాలు పిలిచే ఊరిని బర్మా కాగితాల్లో మిన్ జీ అంటారు. సాక్షి అన్న పేరే రాయండి, రెండో పేరు తర్వాత వేరే నోట్‌లో చేర్చండి. ఊరి పటం కావాలంటే తెల్లకాగితం, పెన్ను ఇచ్చి సాక్షి చేతనే గీయించండి. గీసిన చేతి సంతకమో వేలిముద్రో, తేదీ దాని మీదే ఉండాలి.

కొత్త బృందాలన్నీ ఒకే లోటు చేస్తాయి. మంటలు, శవాలు, పారిపోవడం, వీటితో పుటలు నింపుతాయి. నేరం జరిగిందని చూపడానికి అవి కావాలి, నిజమే. కానీ కోర్టులో నిలబడేది మనిషి మీద కేసు. ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఎవరి మాట ఎవరు విన్నారు అన్న లంకె దొరక్కపోతే కేసు నడవదు. అందుకని చేతిపట్టీ మీద బొమ్మ ఏమిటి, టోపీ ఏ రంగు, బండి ఏ వైపు నుంచి వచ్చింది, వైర్‌లెస్ ఎవరి చేతిలో ఉంది, ఎవరు మాట్లాడితే మిగతావాళ్లు కదిలారు, ఇవి ఓపికగా అడగండి. దళం పేరు మీరు అందించకండి. నాసాకా అన్న సరిహద్దు దళాన్ని 2013లోనే రద్దు చేశారు. 2017 సంగతిలో ఎవరైనా ఆ పేరు వాడితే అబద్ధమని కొట్టేయకుండా బట్టలెలా ఉన్నాయో చెప్పమనండి. నిందితులకు అనుకూలంగా ఉండే సంగతి వచ్చినా అంతే శ్రద్ధగా రాయాలి. రోమ్ శాసనం 54వ అధికరణం ప్రాసిక్యూటర్‌కే ఆ బాధ్యత పెట్టింది, మీకు మినహాయింపు ఎక్కడిది?

దుబాసీ, మధ్యవర్తి, డబ్బు

మన ఊళ్లో పుట్టిన కుర్రాళ్లు దక్కనీ ఉర్దూ వచ్చు కదా, దుబాసీ ఎందుకంటారు. బస్తీవాళ్లు ఇన్నేళ్లలో ఆ ఉర్దూ నేర్చుకున్నారు, కూలి పనికి, కిరాణా కొట్టుకు అది సరిపోతుంది. వాంగ్మూలానికి సరిపోదు. "మేరే భాయి కో లేగయే" అంటే తోడబుట్టినవాడా, వరసకు అన్నా, పక్కింటివాడా? రోహింగ్యా భాషలోనే చెప్పించి, మూల ధ్వని పూర్తిగా రికార్డు చేయండి, తర్జుమాను రేపు ఎవరైనా సరిచూసేలా. దుబాసీ సాక్షి ఊరివాడు, చుట్టం, బస్తీ పెద్ద మనిషి కాకూడదు. "ఆయన ఇలా అంటున్నాడు" అని కాకుండా "నేను చూశాను" అని సాక్షి మాటగానే చెప్పాలి. తెలియని మాట వస్తే తెలియదనాలి. 45 నిమిషాలకోసారి విరామం ఇవ్వండి, లేకపోతే తర్జుమా కుదించడం మొదలవుతుంది. ఆడవాళ్ల దగ్గరకు అడిగేవారూ, దుబాసీ ఇద్దరూ ఆడవాళ్లే వెళ్లాలి.

సాక్షుల్ని వెతికిపెట్టే పని బస్తీలో ఒకరికి అప్పగించడం అన్నింటికన్నా సులువు, అన్నింటికన్నా ప్రమాదం. హేగ్ కోర్టు మొదటి తీర్పు, 2012 మార్చి 14న కాంగో సాయుధ దళం నాయకుడు లుబాంగా కేసులో వచ్చింది, ఈ పాఠమే చెబుతుంది. మధ్యవర్తుల మీద ఆధారపడ్డ ప్రాసిక్యూషన్‌ను న్యాయమూర్తులు తప్పుపట్టారు. బాల సైనికులమని చెప్పిన పలువురి సాక్ష్యాన్ని పక్కన పెట్టారు. శిక్ష పడింది గానీ ఆ పిల్లల మాట నిలబడలేదు. మధ్యవర్తి పరిచయం చేసి బయటికి వెళ్లిపోవాలి, గదిలో ఉండకూడదు, ఏం అడుగుతారో అతనికి తెలియకూడదు.

అడ్డా కూలికి వెళ్లే మనిషి మీ కోసం పూట పోగొట్టుకుంటే ఆ కూలి, ఆటో ఛార్జీ ఇవ్వడం న్యాయం. అందరికీ ఒకే లెక్క, ముందే రాసుకున్న లెక్క, రసీదుతో. రైస్ బస్తా, దుప్పట్లు, స్కూలు ఫీజు వంటి సాయం మీ బృందం చేతి మీదుగా వద్దు. అది వేరే సంస్థ చేయాలి. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు, విదేశీ వీసా గురించి మాట కలపనే వద్దు. "మీ పేరు ఎప్పటికీ బయటికి రాదు" అనీ అనకండి. కేసు నడిస్తే ముద్దాయి తరఫువాళ్లు చూసే హక్కు అడగవచ్చు. ఆ సంగతి చెప్పి, ఆలోచించుకోమని ఒక రాత్రి గడువిచ్చి, మర్నాడు ఒప్పుకుంటేనే కూర్చోండి.

ఫోన్లు, ఫైళ్లు, కాగితాలు

సాక్షి ఫోన్‌లో వీడియో ఉంటే వాట్సాప్‌లో పంపించుకోవద్దు. పంపగానే ఫైలు కుంచించుకుపోతుంది, ఎప్పుడు, ఎక్కడ తీశారో చెప్పే సమాచారం పోతుంది. కేబుల్ పెట్టి మూల ఫైలు కాపీ చేసుకుని, అక్కడికక్కడే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీయండి, అంటే ఫైలు మారలేదని చూపే దాని వేలిముద్ర లాంటి సంకేతం. వచ్చిన 64 అక్షరాలూ రిజిస్టరులో అతికించి, సాక్షి ముందే సంతకాలు పెట్టండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే సర్టిఫికెట్‌లోనూ హ్యాష్ విలువ రాయాలి, కాబట్టి ఇప్పుడే అలవాటు చేసుకోవడం మేలు. మూడు కాపీలు, మూడు చోట్ల, అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి. మయన్మార్ గడియారం మనకన్నా గంట ముందుంటుంది, ఫోన్ ఏ సమయం చూపిస్తోందో రాయకపోతే తర్వాత ఆ గంట తేడా పెద్ద గొడవవుతుంది.

సాక్షులు మయన్మార్ నుంచి తెచ్చుకున్న కుటుంబ జాబితా, భూమి కాగితం వంటివి ఫొటో తీసి తిరిగి ఇచ్చేయండి. మీ దగ్గర ఉంచుకుంటే వాళ్లకు మిగిలిన ఒక్క ఆధారమూ పోయినట్టే. వానలకు ముందు జిప్ కవరొకటి ఇచ్చి, అందులో పెట్టించి రండి. ఆ కాగితాన్ని మడతల్లో సిరా ఊడిపోకుండా ఇన్నేళ్లు కాపాడుకున్నారు, ఒక్క వాన చాలు పోవడానికి.

పేర్లకు బదులు సంకేతాలు వాడండి. పేరు-సంకేతం జాబితా కాగితం మీద ఒకటే, తాళం వేసిన చోట, రికార్డింగులతో కలపకుండా. క్యాబ్ యాప్‌లో బస్తీ చిరునామా కొట్టకండి, ప్రయాణాల చరిత్ర అంతా అక్కడ మిగిలిపోతుంది. రెండు వీధుల అవతల దిగి నడవండి. గుడిసెలో కూర్చుంటే పక్క గోడకు చెవులుంటాయి. మామూలు పని మీద జనం వచ్చిపోయే చోట, స్లాబు కింద గది చూసుకోండి. తలుపు వైపు కుర్చీ సాక్షిది.

మనుషులు

రోజుకు ఒక్కరు రెండు వాంగ్మూలాలకు మించి తీసుకోకూడదు. రాత్రిళ్లు రికార్డింగులు విని టైపు చేసేవారిని అందరూ మరిచిపోతారు, అడిగినవారికన్నా వాళ్లే అదే వాక్యాన్ని ఎక్కువసార్లు వింటారు. వారానికో రోజు వాళ్లకు ఆ పని నుంచి పూర్తి సెలవు ఉండాలి. సాక్షి చేతులు వణికినా, చూపు నిలిచిపోయినా, ఇప్పుడే జరుగుతున్నట్టు మాట్లాడినా ఆపేయండి, నీళ్లివ్వండి, వేరే సంగతి మాట్లాడండి. మానసిక సాయానికి ఫోన్ చేసే టెలిమానస్ 14416, అంబులెన్స్ 108, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దారి, ఇవి జేబులో ఉండాలి. వాళ్ల భాష వచ్చిన తోడు ఎవరు వెళ్తారో కూడా ముందే అనుకోవాలి.

సాయంత్రం ఇరవై నిమిషాలు బృందం కూర్చుంటే భద్రత, ఆరోగ్యం, ఫైళ్ల లెక్క మాట్లాడండి. ఎవరు ఏం చెప్పారో కలబోసుకోకండి. రేపటి ప్రశ్నల్లోకి ఇవాళ్టి జవాబులు అలాగే దూరతాయి. ముగ్గురు సాక్షుల నోట ఒకే వాక్యం అక్షరం మారకుండా వస్తే బలమైన సాక్ష్యం దొరికిందని సంతోషపడే ముందు, వాళ్లు ఎక్కడ కలిశారో, అడిగినవారు ఏ మాట వాడారో రికార్డింగులో వెనక్కి వెళ్లి వినండి.

వాంగ్మూలం మధ్యలో వాన అందుకుంటే గొంతు పెంచమనకండి. రికార్డరులో సమయం చెప్పి ఆపండి. తిరిగి మొదలుపెట్టినప్పుడు మళ్లీ సమయం చెప్పి, ఈ మధ్యలో కేసు సంగతి ఎవరూ మాట్లాడలేదని సాక్షి నోటనే రికార్డు చేయించండి. వాన తగ్గేలా లేకపోతే మరో రోజు చూసుకుని, గుడిసెలోకి నీళ్లు రాకముందే ఆ మనిషిని ఇంటికి పంపండి.