ఒక్కో సబ్జెక్టు ఒక్కో రకం జవాబు అడుగుతుంది: విదేశంలో మొదటి సెమిస్టర్ చదివేవారికి

విదేశంలో చదువు మొదలుపెట్టిన నెలకు నేను రాసిన తొలి వ్యాసం తిరిగి చేతికొచ్చింది. అంచున ప్రొఫెసర్ ఒకే వాక్యం రాశారు: "వీళ్లంతా ఏమన్నారో తెలిసింది, మీరేమంటున్నారు?" చదివినది పొల్లుపోకుండా అప్పజెప్పడమే మంచి జవాబని అప్పటిదాకా నమ్మాను. ఎనిమిది పేజీల్లో నా మాట ఒక్కటీ లేదు. అదే వారం గణితంలో జవాబులన్నీ సరిగ్గా వచ్చినా మార్కులు తగ్గాయి. మధ్య మెట్లు మనసులోనే వేసుకుని, కాగితం మీద పెట్టకపోవడమే కారణం. అందుకే కొత్తగా వచ్చేవారికి ముందుగా ఈ మాట చెబుతాను: ఏ సబ్జెక్టు ఎలాంటి జవాబు కోరుతుందో మొదటి అసైన్‌మెంట్ ఇచ్చేలోపే తెలుసుకోండి.

అది తెలుసుకునే మొదటి చోటు కోర్సు ప్రారంభంలో ఇచ్చే పత్రం. కొన్నిచోట్ల దాన్ని సిలబస్ అంటారు, కొన్నిచోట్ల మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అంటారు. పాఠాల పట్టికే కదా అని పక్కన పెట్టకండి. ఏ పనికి ఎంత శాతం, గడువు దాటితే రోజుకు ఎన్ని మార్కులు కోస్తారు, కలిసి చేయవచ్చా, ఏఐ సాధనాలు వాడవచ్చా అన్నవి చాలావరకు అందులోనే ఉంటాయి. ఏఐ విషయంలో ఒక కోర్సు అనుమతించినది మరో కోర్సులో నేరం కావచ్చు. రాసి లేకపోతే అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి. మార్కులు వేసే కొలమానాన్ని రూబ్రిక్ అంటారు. అది ఇస్తే రాయడానికి ముందు ఒకసారి, రాశాక మరోసారి చదవండి.

క్రెడిట్ల లెక్క కూడా మొదటి వారంలోనే వేసుకోవాలి. యూరప్ దేశాల మధ్య క్రెడిట్లు బదిలీ చేసుకునేందుకు పెట్టుకున్న ఈసీటీఎస్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ 25 నుంచి 30 గంటల పనికి సమానం. బ్రిటన్‌లో డిగ్రీకి ఏడాదికి 120 క్రెడిట్లు, ఒక్కోటి 10 గంటలు. అంటే 5 ఈసీటీఎస్ క్రెడిట్ల కోర్సు 125 నుంచి 150 గంటలు తీసుకుంటుంది. తరగతిలో కూర్చునే సమయం అందులో చిన్న భాగమే. టైంటేబుల్ ఖాళీగా కనిపిస్తోందని మురిసిపోయి మూడో వారానికే వెనకబడినవారిని చాలామందిని చూశాను.

ఇక సబ్జెక్టుల సంగతి.

గణితం, భౌతికశాస్త్రం వంటి వాటిలో వారం వారం లెక్కల అసైన్‌మెంట్లు వస్తాయి. చివరి జవాబు తప్పినా దారి సరిగా ఉంటే మార్కులు వస్తాయి, దారి కనిపించకపోతే సరైన జవాబుకూ కోత పడుతుంది. స్నేహితులతో చర్చించడానికి చాలా కోర్సుల్లో అనుమతి ఉంటుంది. కానీ చర్చ అయ్యాక ఆ కాగితాలు పక్కన పెట్టి, ఒంటరిగా కూర్చుని మొదటి నుంచి మీరే రాయాలి. అలా రాయలేకపోతే మీకు ఇంకా అర్థం కాలేదన్నమాట. ఆ సంగతి పరీక్ష హాల్లో కంటే ముందే తెలియడం ఎంతో మేలు.

ప్రోగ్రామింగ్‌లో ఇతరుల కోడ్ తీసుకుని పేర్లు మార్చి ఇవ్వడం చాలా ప్రమాదం. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మాస్ అనే సాధనం 1994 నుంచి ఈ పోలికలు పట్టడానికే వాడుకలో ఉంది. అది చూసేది కోడ్ నిర్మాణాన్ని కాబట్టి వేరియబుల్ పేర్లు మార్చినా, వ్యాఖ్యలు (కామెంట్లు) తీసేసినా పోలిక దాగదు.

ల్యాబ్ రికార్డులో అందం కంటే నిజాయితీకే విలువ. కొలిచినది అప్పటికప్పుడు సిరాతో రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, చెరిపేయకూడదు. కొలతలో అనిశ్చితి ఎంతో చెప్పకుండా ఎనిమిది దశాంశ స్థానాలు వేస్తే ఎర్ర సిరా తప్పదు. ఫలితం ఊహించినట్టు రాకపోతే అంకెలు దిద్దకండి. ఎందుకు రాలేదో చర్చ విభాగంలో విడమరిచి రాయండి. నా రిపోర్టుల్లో ఎక్కువ మార్కులు వచ్చినది ప్రయోగం విఫలమైన వారానిదే.

చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రాల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, చాలామందికి ఎదురుదెబ్బ తగిలేది ఇక్కడే. వ్యాసానికి ఒక వాదన ఉండాలి. అది మొదటి పేరాలోనే కనిపించాలి. తర్వాతి ప్రతి పేరా దానికి ఆధారం చూపాలి, లేదా దాని మీద వచ్చే అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. పెద్ద పండితుడితో విభేదించడం అగౌరవం కాదు, కారణం చూపితే చాలు. పుస్తకంలోని వాక్యం కంఠస్థం అయిపోయి మీ కలంలోంచి అలాగే వస్తే, మూలం చెప్పనంతవరకు దాన్ని గ్రంథచౌర్యంగానే చూస్తారు, మీ ఉద్దేశం మంచిదే అయినా సరే. కాబట్టి నోట్సు రాసుకునేటప్పుడే పుస్తకంలోని మాటలకు కొటేషన్ గుర్తులు, పేజీ సంఖ్య పెట్టుకోండి. మూలాలు చూపే పద్ధతి కూడా శాఖను బట్టి మారుతుంది: మనస్తత్వశాస్త్రంలో ఏపీఏ, సాహిత్యంలో ఎంఎల్ఏ, చరిత్రలో తరచుగా షికాగో, ఇంజినీరింగులో ఐఈఈఈ, వైద్యంలో వాంకూవర్. న్యాయశాస్త్రంలో సమస్య ఏమిటి, సూత్రం ఏమిటి, ఆ సూత్రం ఈ సంఘటనకు ఎలా వర్తిస్తుంది, తేలిందేమిటి అన్న వరుస పాటిస్తారు. సూత్రం బాగా రాసి, దాన్ని వర్తింపజేసే చోట రెండు ముక్కలతో ముగిస్తే మార్కులు పోతాయి. ఎక్కువ మార్కులు ఉన్నది అక్కడే.

పరీక్షల్లో పుస్తకం తెచ్చుకోవచ్చంటే తేలికని అనుకోవద్దు. పుస్తకంలో దొరికే ప్రశ్నలు అందులో అడగరు. ప్రశ్నలోని క్రియను చూడండి. "వర్ణించండి" అంటే ఒకటి, "పోల్చండి" అంటే ఒకటి, "ఎంతవరకు అంగీకరిస్తారు" అంటే పూర్తిగా వేరొకటి. 120 నిమిషాలకు 100 మార్కులైతే 25 మార్కుల ప్రశ్నకు 30 నిమిషాలే, అది దాటగానే తర్వాతి దానికి వెళ్లాలి. ఇక చదివే పద్ధతి: 2006లో మనస్తత్వశాస్త్రజ్ఞులు రోడిగర్, కార్పికీ ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుచేసుకున్నారు. వారం గడిచాక మాత్రం, పాఠం మూసి తమను తాము పరీక్షించుకున్నవారే ముందున్నారు. పాత ప్రశ్నపత్రాలు దొరికితే పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని రాయండి.

మార్కులు వచ్చాక కంగారు పడే ముందు అక్కడి కొలత తెలుసుకోండి. బ్రిటన్‌లో 100కి 70 లేదా ఆపైన వస్తే ప్రథమ శ్రేణి. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 వరకు పాస్. ఫ్రాన్స్‌లో 20కి లెక్కిస్తారు, సాధారణంగా 10 వస్తే గట్టెక్కినట్టే. బ్రిటన్‌లో 68 చూసి ఇంటికి ఫోను చేసి ఏడ్చిన అమ్మాయికి, అది మంచి మార్కని నేనే కూర్చోబెట్టి చెప్పాను.

అనారోగ్యం, ఇంట్లో కష్టం వంటివి వస్తే గడువుకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. గడువు దాటాక చెప్పే నిజమైన కారణానికి కూడా చాలాచోట్ల విలువ తగ్గిపోతుంది. ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం వారానికి కొన్ని గంటలు కేటాయిస్తారు. వాటినే ఆఫీస్ అవర్స్ అంటారు. మొహమాటపడి వెళ్లకపోవడం వల్ల నేను ఒక సెమిస్టర్ మొత్తం పోగొట్టుకున్నాను. వెళ్లేటప్పుడు "అర్థం కాలేదు" అని కాకుండా, ఎక్కడిదాకా చేశారో చూపించే కాగితం తీసుకెళ్లండి. ఫలితాల తర్వాత దిద్దిన జవాబు పత్రం చూసుకునే అవకాశం కూడా ఉంటుంది. జర్మనీలో దానికి ప్రత్యేకంగా ఒక రోజు ప్రకటిస్తారు. పాసైనా సరే వెళ్లి చూడండి, అదే ప్రొఫెసర్ దగ్గర మరో కోర్సు చదవాల్సి రావచ్చు.